పంతులుగారి గొడుగు, మా వదిన కడుపు

మా ద్వీపంలో పిటాన్ అనే మా ఊళ్ళో తెలుగు రెండు చోట్ల ఉండేది. ఒకటి మా అవ్వ నోట్లో, రెండోది పంతులుగారి పుస్తకంలో. ఆ రెండూ వీధిలో ఎదురుపడితే ఒకదాన్నొకటి గుర్తుపట్టేవి కావు. మిగిలిన మేమంతా ద్వీపంలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో పెరిగి, క్రియోల్‌లో పోట్లాడుకుని, పెళ్ళికో పూజకో మాత్రం పట్టుచీర తీసినట్టు తెలుగు బయటికి తీసేవాళ్ళం.

పంతులుగారు గుడిలో పూజ చేసేవారు, రామభజన నడిపించేవారు, మధ్యాహ్నాలు గుడి పక్క రేకుల షెడ్డులో పిల్లలకు తెలుగు చెప్పేవారు. ఆయనా ఈ ద్వీపంలోనే పుట్టారు. ఓడలో ఎప్పుడో వచ్చిన ఒక వ్యాకరణం పుస్తకం పట్టుకుని పట్టుదలగా భాష నేర్చుకున్నారు. అందుకని ఏ మాటనైనా విడగొట్టి చూస్తేగాని ఆయనకు తృప్తి ఉండేది కాదు. "క్రియ చివర 'కొను' చేరిందంటే ఆ పని తనకోసం తానే చేసినట్టు" అని బల్ల మీద బెత్తంతో కొట్టి మరీ చెప్పేవారు. వండుకొను, కట్టుకొను, తెచ్చుకొను. నేను ఆయన దగ్గరే చదువుకుని, తర్వాత ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచరునయ్యాను. ఆయనంటే గౌరవం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒక్కరోజు మాత్రం దాన్ని గడప బయట పెట్టి మాట్లాడాల్సొచ్చింది.

అది స్వాతంత్ర్యానికి కొన్నేళ్ళ ముందు. ద్వీపంలో జనం పెరిగిపోతున్నారని, ఇలాగే కంటూపోతే చెరకు తోటల్లో కూడా నిలబడ్డానికి చోటుండదని రేడియోలో చెప్పేవారు. కనకుండా ఆపడం పాపమని చర్చిలో చెప్పేవారు. ఆపొచ్చుగాని కడుపులో పడ్డాక ముట్టుకోకూడదని మా గుడి అరుగు మీద చెప్పేవారు. ఎప్పుడో ఫ్రెంచి భాషలో రాసిన చట్టం ఒకటి ఉండేది. కడుపు తీయించుకున్న ఆడదానికీ జైలే, తీసినవాళ్ళకీ జైలే. దాన్ని కొంచెం సడలించాలని, తల్లి ప్రాణం మీదికి వస్తే డాక్టరుకైనా అనుమతి ఉండాలని పట్నంలో కొందరు అనడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళ కడుపు గురించి ఆడవాళ్ళు తప్ప అందరూ మాట్లాడుతున్న రోజులవి. చావిడిలో కూర్చున్న మగవాళ్ళకు టీ ఇచ్చి వస్తూ ఆ మాటలు వినేదాన్ని. ఒళ్ళు మండేది.

మా అన్నకు కొంచెం చెరకు భూమి ఉండేది. వదినది బెల్ ఎయిర్ అనే ఊరు. మాట తక్కువ మనిషి, పని ఎక్కువ. నలుగురు పిల్లలు. నాలుగోవాడు పుట్టినప్పుడు ఆవిడ చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఆ తర్వాత కొంతకాలానికి ఒకరోజు పొద్దున్నే వదిన వంటింట్లో పడిపోయింది. కింద రక్తం. ఒళ్ళు కాలిపోతోంది. అన్న పక్కింటివాళ్ళ లారీ అడిగి ఆవిడను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కడుపుతో ఉన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ కడుపు పోయిన సంగతి కూడా అప్పుడే.

ఆస్పత్రిలో వాళ్ళకు అనుమానం వచ్చింది. అనుమానం వస్తే పోలీసులకు చెప్పాలి, అది వాళ్ళ పద్ధతి. మర్నాడు సార్జెంట్ సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. తెలుగు ముక్క రాని క్రియోల్ మనిషి, పెద్ద వయసువాడు, మా ఊళ్ళో అందరికీ తెలిసినవాడే. వదినకు ఒంటి మీద తెలివి లేదు, అన్న ఆస్పత్రి దగ్గరే ఉన్నాడు. అందుకని ఇంట్లో పెద్దదిక్కు ఎవరని అడిగి, వరండాలో బియ్యం ఏరుతున్న మా అవ్వ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మా అవ్వకు క్రియోల్ రాదంటే చేపలమ్మేవాడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు. వాడితో బేరమాడుతుంటే ఆవిడ క్రియోల్ వీధి చివరిదాకా వినిపించేది. కాని ఖాకీ బట్టలు కనిపించేసరికి ఆవిడ ఆ భాష పూర్తిగా మరిచిపోయింది. సార్జెంట్ ఏమడిగినా చేట చెరుగుతూ "నాకు తెల్దు బాబూ" అనేది. నేను అర్థం చెప్పబోయాను. నువ్వు ఇంట్లో మనిషివి, నీ మాట చెల్లదన్నాడు సార్జెంట్. పంతులుగారిని పిలిపించాడు.

పంతులుగారు కండువా సవరించుకుంటూ వచ్చారు. ప్రభుత్వం తన తెలుగు కోసం కబురు పెట్టడం ఆయన జీవితంలో అదే మొదలు. సార్జెంట్ క్రియోల్‌లో అడిగిన ప్రశ్నను ఆయన చక్కని తెలుగులోకి మార్చి అవ్వను అడిగారు. "అమ్మా, తమ మనుమని భార్యకు ఏమి సంభవించినది?"

అవ్వ ఆయన ముఖం వైపు చూసింది. సగం అర్థమైంది కాబోలు. "ఏటవుద్ది పంతులూ, కడుపు పోగొట్టుకుంది, పిచ్చిముండ" అంది.

పంతులుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఆయన లోపల మాటను విడగొడుతున్నారని నాకు తెలిసిపోయింది. పోవు, పోగొట్టు, పోగొట్టుకొను. పోగొట్టు అంటే పోయేట్టు చేయు. 'కొను' అంటే తనకోసం తానే. కళ్ళు తెరిచి, నిజాయితీగా, బరువుగా క్రియోల్‌లో చెప్పారు. "లిన్ ఫేర్ లి అలే." దాన్ని పోయేట్టు తానే చేసుకుంది అని.

సార్జెంట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఈ ముసలమ్మ అలా అందా?" అని అడిగాడు.

"వ్యాకరణం ప్రకారం అంతే" అన్నారు పంతులుగారు.

అలాగైతే ఆస్పత్రి నుంచి ఆవిడ ఇంటికి రాదు, నేరుగా స్టేషనుకే తీసుకెళ్ళాలి, ఆపైన కోర్టు చూసుకుంటుంది అన్నాడు సార్జెంట్. ఆ మాట అనడం అతనికీ ఇష్టం లేదు, పెరటివైపు చూస్తూ అన్నాడు. పెరట్లో వదిన పిల్లలు నలుగురూ పొద్దుటి నుంచి తల దువ్వుకోకుండా తిరుగుతున్నారు. చిన్నవాడికి ఇంకా నడక సరిగ్గా రాలేదు. వీళ్ళ అమ్మ జైలుకు పోతుందా, అదీ ఒక ప్రత్యయం వల్ల? నాకు కాళ్ళ నుంచి తలదాకా కోపం వచ్చింది.

"గురువుగారూ, ఒక్క సందేహం" అన్నాను. ఆయనకు సందేహాలంటే ఇష్టం. "అడుగమ్మా" అన్నారు.

"గుడ్‌ల్యాండ్స్ బస్సులో మీ గొడుగు ఏమైంది?"

ఆ గొడుగు కథ ఊరందరికీ తెలుసు. నల్లటి గొడుగు, వెండి పొన్ను వేసిన పిడి, వాళ్ళ నాన్నగారిది. బస్సు దిగేటప్పుడు సీటు పక్కన మరిచిపోయారు. ఆ వారమంతా పాఠాలు మానేసి పిల్లలకు దాని గుణగణాలు చెప్పారు.

"పోగొట్టుకున్నాను కదమ్మా" అన్నారు.

"అంటే బస్సు కిటికీలోంచి మీరే విసిరేశారా?"

పంతులుగారు గొడుగు లేని చంక వైపు చూసుకున్నారు.

నేను సార్జెంట్ వైపు తిరిగి అదంతా క్రియోల్‌లో చెప్పాను. మా భాషలో పర్సు పోయినా పోగొట్టుకోవడమే, గొడుగు పోయినా పోగొట్టుకోవడమే, కన్నబిడ్డ పోయినా పోగొట్టుకోవడమే. పోయినదాని కోసం ఏడ్చేవాళ్ళు అనే మాట అది. కావాలని తీసేస్తే ఆ మాట అనరు, దానికి వేరే మాట ఉంది. కాదేమో పంతులుగారినే అడగండి అన్నాను. సార్జెంట్‌కు మొదట మీసాలు కదిలాయి, తర్వాత భుజాలు కదిలాయి. "అయితే పెర్ది" అన్నాడు. పోయింది, అంతే.

పంతులుగారు మంచివారు. తప్పు తెలిశాక పట్టుకు వేలాడే రకం కాదు. "అది మినహాయింపు" అన్నారు. "కొను చేరినా అక్కడ కర్త ఇష్టంతో పని లేదు. నాదే పొరపాటు. పెర్ది అనే రాసుకోండి" అని సార్జెంట్‌తో చెప్పి, అవ్వకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

సైకిలు మలుపు తిరిగాక అవ్వను అడిగాను, ఇంతకీ ఏ అర్థంలో అన్నావని. "అన్నది అన్నాను గుంటా. ఇనుకున్నోడి కర్మ" అంది, బియ్యంలోంచి రాయి తీసి పెరట్లోకి విసురుతూ. అప్పటికి నిజమేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. గెలిచానన్న సంతోషం అలాంటిది. వదిన ఇంటికి వస్తుంది, పిల్లల తలలు దువ్వుతుంది, ఇక చాలనుకున్నాను.

వదిన వచ్చింది. సన్నబడి, పసుపురంగుకు తిరిగి వచ్చింది. కొంచెం కోలుకున్నాక ఒక మధ్యాహ్నం ఇద్దరం పెరట్లో కూర్చుని మునగాకు దూస్తున్నాం. గొడుగు కథ చెప్పి ఆవిడను నవ్విద్దామనుకున్నాను. సగం నవ్వి ఆగిపోయింది.

"పంతులుగారు చెప్పిందే నిజం అమ్మాయీ" అంది.

నా చేతిలో రెమ్మ అలాగే ఉండిపోయింది. వదిన మాత్రం ఆకు దూయడం ఆపలేదు. మళ్ళీ నెల తప్పగానే ప్రసవం చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళిందట. ఈ కాన్పు నువ్వు తట్టుకోలేవు, నలుగురు పిల్లలకూ తల్లి ఉండదు అన్నాడట ఆయన. అయితే తీసెయ్యండి బాబూ అందట. చట్టం ఒప్పుకోదు, నా చేతులు కట్టేసి ఉన్నాయి, ఇంటికెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టుకో అన్నాడట. ఆయన మంచివాడే, చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట కూడా.

"నేను చచ్చిపోతానని చెప్పడానికి చట్టం ఒప్పుకుంది. బతికించడానికే ఒప్పుకోలేదు" అంది వదిన. "మీ అన్నతో చెప్పాను. ఆయనే తీసుకెళ్ళాడు. ఎక్కడికని అడక్కు, ఆ మనిషికి కూడా పిల్లలున్నారు."

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. వదిన మీద కాదు, డాక్టరు మీద కూడా కాదు. అంత చదువుకున్న చేతుల్ని కట్టేసి, చదువులేని చేతుల్లోకి ఆడదాన్ని తోసిన ఆ పాత చట్టం మీద. వదిన అంత రక్తంలో పడి ఉన్నది ఆ చట్టం వల్ల. ఆ రోజు నుంచి చావిడిలో మగవాళ్ళు ఆ చర్చ ఎత్తితే టీ గ్లాసులు కింద పెట్టి నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకన్నారు. కడుపు మీకుందా అన్నాను. అన్న ఒక్కడే తలవంచుకుని ఊరుకునేవాడు.

కొన్నాళ్ళకు ఊరి హాల్లో సభ పెట్టారు. పట్నం నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఎలా ఉంచుకోవాలో చెప్పి, చివర్లో చట్టం సంగతి కూడా ఎత్తాడు. తల్లి ప్రాణానికి ముప్పున్నప్పుడైనా మమ్మల్ని చెయ్యనివ్వాలి, లేకపోతే వాళ్ళు దొంగచాటుగా వెళ్ళి మా దగ్గరికే రక్తం మడుగులో వస్తారు అన్నాడు. బెంచీల మీద మగవాళ్ళు కేకలు వేశారు. వెనక చాపల మీద ఆడవాళ్ళు కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. గొడవలు కాకుండా చూడ్డానికి సార్జెంట్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు మన తెలుగువాళ్ళ తరఫున నాలుగు మాటలు చెప్పమని పంతులుగారిని లేపారు. ఆయన తెలుగులోనే మాట్లాడారు. ముందు తన తప్పు ఒప్పుకున్నారు. ఒక క్రియాపదానికి పెడర్థం చెప్పి ఒక ఇల్లాలికి ఎంత అపకారం చేయబోయానో, తన శిష్యురాలే తన కళ్ళు ఎలా తెరిపించిందో అందరి ముందు చెప్పారు. అంత పెద్దమనిషి అలా చెప్పుకుంటుంటే నాకు ఆయన మీద నిజంగా ప్రేమ కలిగింది. ఆ తర్వాత ఆయన వెనక చాపల వైపు చెయ్యి చాపారు.

"ఆ తల్లి ఇక్కడే ఉంది. బిడ్డను భగవంతుడు తీసుకుపోతే కుమిలిపోయింది. అంతేగాని తనంతట తాను తీయించుకొన్నది కాదు. తీయించుకొనే స్త్రీలు వేరు. వారికి జైలే తగినది. మన ఇళ్ళలో అట్టివారు లేరు, అందుచేత మనకు ఈ చట్టం మార్పుతో పని లేదు."

చప్పట్లు మోగాయి. ఆయన వదినకు పోయిన గౌరవం తిరిగి ఇస్తున్నాననే అనుకున్నారు. నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లేచి నిలబడింది.

"పంతులుగారూ, మీరు మొదట చెప్పిందే సరైన అర్థం" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. తెలుగు అర్థమైన వాళ్ళంతా వెనక్కి తిరిగారు. అర్థంకాని సార్జెంట్ గుమ్మం దగ్గర నుంచి నన్ను చూసి "కి లి పె దీర్?" అన్నాడు. ఏమంటోంది ఆవిడ? నా నాలుక మీద అబద్ధం సిద్ధంగా ఉంది. పంతులుగారికి కృతజ్ఞతలు చెబుతోందని చెప్పబోయాను.

"నువ్వు చెప్పకు" అంది వదిన. తర్వాత తానే, హాల్లో అందరికీ తెలిసిన క్రియోల్‌లో, సంతలో ధర చెప్పినంత స్పష్టంగా చెప్పింది. "మో మెమ్ మోన్ ఫేర్ లి." నేనే చేశాను. నాకు నలుగురు పిల్లలున్నారు, వాళ్ళకు అమ్మ కావాలి. డాక్టరు చెయ్యలేనన్నాడు, అందుకే ఇంకో చోటికి వెళ్ళాను, చచ్చి బతికాను. మన ఇళ్ళలో లేరంటున్నారు. నేను మీ ఇళ్ళలోదాన్నే. మీరంతా నా పెళ్ళి భోజనం తిన్నారు. ఇది చెప్పి కూర్చుంది.

పంతులుగారు కూడా కూర్చున్నారు. సార్జెంట్ టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. హాల్లో ఒకటే గోల, నాకేమీ వినిపించలేదని తర్వాత ఎవరితోనో అన్నాడట. నిజానికి అప్పుడు అక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపించేది.

ఇంటికి నడిచి వస్తూ దారంతా వదినను తిట్టాను. గురువుగారిని అందరి ముందు నిలదీసి నిన్ను కాపాడితే, నీ చేతులారా అదంతా బూడిదలో పోశావన్నాను. ఆవిడ చెరకు తోట గట్టు మీద ఆగింది.

"కాపాడావు. నేను బతికున్నంతకాలం మరిచిపోను" అంది. "కాని నువ్వు కాపాడింది ఎవర్నో పతివ్రతనమ్మాయీ. ఆవిణ్ణి చూపించి మిగతావాళ్ళను జైల్లో పెట్టమంటున్నారు. ఆవిడెవరో నాకు తెలీదు. రేపు పోలీసులొస్తే ఈసారి నువ్వేమీ అడ్డుపడకు. నేనే చెప్పుకుంటాను."

మర్నాటి నుంచి వదిన పోలీసుల కోసం ఎదురుచూసింది. భయపడుతూ కాదు. పిల్లల బట్టలు ఉతికి మడతలు పెట్టింది. ఎవరికి ఏం తింటే పడదో, చిన్నవాడు ఏ పక్కకు తిప్పితే నిద్రపోతాడో నాకు చెప్పింది. పచ్చళ్ళు ఎక్కడున్నాయో చూపించింది. అన్న పొలం మానేసి వరండాలో కూర్చున్నాడు, వాళ్ళు వస్తే తనను కూడా తీసుకెళ్ళమంటానని. వాళ్ళు రాలేదు. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే మేమంతా కాస్త కడుపునిండా తినేవాళ్ళం. ఆ తర్వాత స్వాతంత్ర్యం కూడా వచ్చింది. జెండా మారింది, పాట మారింది. ఆ చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. దానితో మా పోట్లాట కూడా అలాగే ఉంది.

సభ జరిగిన వారం చివర, పట్టపగలు, ఎవరో తలుపు తట్టారు. వదిన చిన్నవాణ్ణి నా చేతుల్లో పెట్టి, జుట్టు ముడివేసుకుని, వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో మా వీధి చివర ఇంటావిడ నిలబడి ఉంది. సభలో పంతులుగారికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాళ్ళాయనే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి రాకుండానే, గుసగుసగా అడిగింది.

"నాకింకా నెల తప్పలేదు. ఆరుగురున్నారు, ఇంక నావల్ల కాదు. ఏదైనా కాకముందే ఆ కుర్ర డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళాలో నీకు తెలుసా?"

వదిన ఆవిడ మొహం వంక చూసింది. "తెలుసు. నేనూ అక్కడికే వెళ్దామనుకుంటున్నాను. పద" అంది.

పిల్లల్ని అవ్వకు అప్పగించి ముగ్గురం పట్నం బస్సెక్కాం. ఆ ఇంటావిడ ఎవరూ చూడకుండా గబగబా చివరి సీటు వైపు నడిచింది. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"దొంగతనానికెళ్తున్నామా ఏంటి? ముందు కూర్చో."